హిమవంతునికి ముందు నిలిచిన కొండలు

కైలాస మానససరోవర యాత్ర చేసి వచ్చినవారు ఆ శిఖరమును వర్ణించునపుడు, దాని ఒంటిమీద మెట్లవలె కనిపించు మంచు చారలను తప్పక పేర్కొందురు. ఆ మెట్లు ఎట్లు ఏర్పడినవని విచారించువారు మాత్రము అరుదు. 1936వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశీయుడైన యువ భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆగస్టో గాన్సర్, బౌద్ధ యాత్రికుని వేషమున టిబెట్టులో ప్రవేశించి కైలాసమునకు ప్రదక్షిణము చేసెను. ఆనాడు ఆతనివంటి విదేశీయునకు అచ్చట అడుగుపెట్ట అనుమతి లేదు. దారి పొడవున రహస్యముగా రాళ్లు ఏరుకొనుచు సాగిన ఆ యాత్ర ఫలితములను, తన బృంద నాయకుడైన ఆర్నోల్డ్ హైమ్‌తో కలిసి 1939లో గ్రంథముగా ప్రకటించెను.

ఆతడు చూచినది ఆశ్చర్యకరమైన సంగతి. కైలాస శిఖరము ఏకశిల కాదు. గులకరాళ్లును ఇసుకయు పొరలు పొరలుగా పేరుకొని, కాలక్రమమున బిగిసి రాయిగా మారి, ఇంచుమించు అడ్డముగా పరచుకొని యున్నవి. ఆ పొరల అంచులందు మంచు నిలిచినపుడు అవి మెట్లుగా తోచును. గులకరాయి యనగా నేమి? ఏటి నీటిలో దొర్లి దొర్లి నునుపెక్కిన రాయి. కావున నేడు 6600 మీటర్లకు పైబడిన ఈ శిఖరము, సుమారు రెండున్నర కోట్ల యేండ్ల క్రిందట ఒక పల్లపు నేల. దానికంటె ఎత్తైన కొండలనుండి ఏరులు దిగివచ్చి తమ బరువును అచ్చట దింపుకొన్నవి. ఆ గులకరాళ్లలో గ్రానైటును, పురాతనమైన లావా రాళ్లును విస్తారముగా కలవు. అవి హిమాలయముల రాళ్లు కావు.

పురాణములలో హిమవంతుడు కైలాసనాథునికి మామగారు. రాళ్లు చెప్పు వంశవృక్షము మాత్రము వేరు విధముగా నున్నది. కైలాసపు గులకరాళ్లు వచ్చిన ఇల్లు హిమవంతుని ఇంటికంటె పాతది. ఆ పాత ఇంటి చరిత్రను ఈ ప్రసంగమున చెప్పదలచినాము.

ఇందుకు ఒక కారణము కలదు. భారతభూమి ఉత్తరముగా ప్రయాణము చేసి ఆసియాను ఢీకొనగా హిమాలయములును, టిబెట్టు పీఠభూమియు లేచినవని మనమందరము పాఠశాలలో చదివినాము. మేమును బాలల కార్యక్రమములలో ఆ వాక్యమును పలుమార్లు చెప్పినాము. అది విని ఒక శ్రోత జాబు వ్రాసి, “ఢీకొనుటకు ముందు అచ్చట ఏమి యుండెను? చదునైన తీరమా?” అని అడిగినారు. ప్రశ్న చిన్నది. సమాధానము వెదకబోగా, మేము చెప్పుచు వచ్చిన వాక్యము అబద్ధము కాకపోయినను సగము మాత్రమే నిజమని తెలిసినది. ఆ తక్కిన సగమును శ్రోతలకు అప్పగించుట మా బాధ్యత.

ముందుగా, పోయిన పర్వతమునకు చరిత్ర వ్రాయుట ఎట్లు సాధ్యమో చూతము. పర్వతము తన చరిత్రను తన యొద్ద దాచుకొనలేదు. వానయు, మంచును, గాలియు దానిని అనుదినము అరుగదీయుచుండును. ఎంత నిటారుగా లేచిన అంత వేగముగా అరుగును. పై పొర పోయిన తరువాత ఆ పైన ఏమి యుండెనో కొండను చూచి చెప్పజాలము. అయితే పోయిన రాయి నశింపలేదు. అది పల్లమునకు చేరినది. భూమి క్రుంగుటచే ఏర్పడి, యుగముల తరబడి ఇసుకను, బురదను, గులకను స్వీకరించు పల్లములను అవక్షేప ద్రోణులందురు. కొన్ని నేలమీద నుండును, కొన్ని సముద్రమున మునిగి యుండును. కొండ కరిగిన కొలది ద్రోణి నిండును. ఆస్తి అంతయు కరిగిపోయిన పాత కుటుంబమునకు కరణము లెక్కల కవిలె మిగిలినట్లు, కొండ పోయినను దాని జమాఖర్చు ద్రోణిలో మిగులును.

ఈ కవిలెను చదువుటకు ఒక మెలకువ కావలెను. ఇది తలక్రిందులుగా వ్రాయబడినది. కొండపై మొదట అరిగినది శిఖరము. అది ద్రోణికి అడుగున చేరినది. తరువాత బయల్పడిన కొండ గర్భము ద్రోణిలో పైపొరయై నిలిచినది. కావున ద్రోణిని అడుగునుండి పైకి చదివినచో, కొండను పైనుండి లోపలికి తవ్వుకొని పోయినట్లగును.

చదువుటకు అక్షరములు మూడు. మొదటిది రేణువుల పరిమాణము. పెద్ద గులక కనిపించిన కొండ దగ్గరనే నిటారుగా నుండెనని, మెత్తని బురద కనిపించిన దూరముననో, లోతైన నీటిలోనో పడెనని అర్థము. రెండవది రేణువుల జాతి. మన భీమునిపట్టణము ఒడ్డున గుప్పెడు ఇసుక తీసిన గార్నెట్టు, ఇల్మనైటు రేణువులు కనిపించును. తూర్పు కనుమలను ఎన్నడు చూడనివాడును ఆ యిసుకను బట్టి అచ్చటి రాళ్ల జాతిని ఊహింపగలడు. మూడవది జిర్కాన్ అను చిన్న స్ఫటికము. గ్రానైటు వంటి రాయి కరుగు స్థితినుండి చల్లారునపుడు జిర్కాన్ పుట్టును. పుట్టునపుడే కొంచెము యురేనియమును లోపల బంధించుకొనును. ఆ యురేనియము నియతమైన వేగముతో సీసముగా మారును. దానిలో ముఖ్యమైన రకము సగమగుటకు సుమారు 447 కోట్ల యేండ్లు పట్టును. రెండింటి పాళ్లను కొలిచిన స్ఫటికము పుట్టిన కాలము తెలియును. రాయి అరిగి ఇసుకయైనను జిర్కాన్ చెడదు. కావున ప్రతి జిర్కాన్ రేణువు తన జన్మపత్రికను వెంటబెట్టుకొని తిరుగునని చెప్పవచ్చును.

ఇక కథాస్థలమునకు వత్తము. భారతభూమికిని ఆసియాకును నడుమ ఒకనాడు విశాలమైన సముద్రము ఉండెను. ఆస్ట్రియా పండితుడు ఎడ్వార్డ్ స్యూస్ 1893లో దానికి గ్రీకుల సముద్రదేవత పేరిట టెథిస్ అని నామకరణము చేసెను. భారతభూమి ఉత్తరమునకు జరిగిన కొలది ఈ సముద్రపు అడుగు పలక ఆసియా అంచు క్రిందికి దిగిపోవుచు వచ్చినది. నీటితో తడిసిన ఆ పలక లోతునకు పోయినపుడు విడిచిన నీటి ప్రభావముచే పైనున్న రాయి కొంత కరిగి, ఆ ద్రవము పైకి లేచును. నేలపైకి వచ్చినది అగ్నిపర్వతమగును. లోపలనే చల్లారినది గ్రానైటగును. నేడు దక్షిణ అమెరికా పడమటి తీరమున ఆండీస్ పర్వతములు ఈ విధముననే సముద్రపు పలక దిగిపోవు అంచున నిలిచియున్నవి. అచ్చట రెండు ఖండములు ఢీకొనలేదు. అయినను 6900 మీటర్లు దాటిన శిఖరము కలదు.

ఆసియా దక్షిణపు అంచునను అట్టి శ్రేణి యొకటి ఉండెనా? లాసాకు ఇరువైపుల వేయి కిలోమీటర్లకు మించి సాగు గ్రానైటు పట్టీ అచ్చట నేటికిని కలదు. దానిని గాంగ్‌డిసే శ్రేణి యందురు. కైలాసమునకు గల టిబెట్టు పేరునుండియే ఈ మాట వచ్చినది. అయితే గ్రానైటు లోతున పుట్టినది. దాని పైన ఎంత ఎత్తు కొండ యుండెను, అది ఎప్పుడు లేచెను అను సంగతులు గ్రానైటు మాత్రమే చెప్పజాలదు. కావున ద్రోణులను సాక్ష్యమునకు పిలువవలెను.

మొదటి సాక్షి షిగత్సే ద్రోణి. బ్రహ్మపుత్రను టిబెట్టులో త్సాంగ్‌పో యందురు. ఆ నది ఒడ్డున షిగత్సే పట్టణ ప్రాంతమున, గ్రానైటు శ్రేణికి దక్షిణముగా, అయిదువందల కిలోమీటర్ల పొడవున ఈ ద్రోణి శిలలు పరచుకొని యున్నవి. అట్టడుగున సముద్రపు అడుగు రాళ్లే కలవు. వాటిపై లోతైన నీటిలో నెమ్మదిగా దిగిన మెత్తని బురదయు, కంటికి కనబడని జీవుల గుల్లలు పేరుకొని ఏర్పడిన గట్టి రాయియు కలవు. అనగా మొదట అచ్చటికి కొండ ఇసుక ఇంకను చేరలేదు. అటుపైన, సుమారు 11 కోట్ల యేండ్ల క్రిందటినుండి, దృశ్యము మారినది. నీటిలోపల ఏటవాలుగా జారిపడిన ఇసుక ప్రవాహములు ఒకదానిపై నొకటి వేల మీటర్ల మందమున పేరుకొన్నవి.

ఆ యిసుకను సూక్ష్మదర్శినిలో చూచినవారికి కొండ కథ వరుసగా కనబడినది. అడుగు పొరలందు అగ్నిపర్వతపు లావా తునకలే అధికము. అనగా ఆనాడు కొండపై లావా కప్పు చెదరలేదు. పైకి పోయిన కొలది గ్రానైటునుండి వచ్చు ఖనిజములు పెరిగినవి. అనగా లావా కప్పు అరిగిపోయి లోపలి గ్రానైటు బయటపడినది. ఇంకను పైకి పోగా, ఆ శ్రేణికి ఉత్తరమున నున్న మిక్కిలి పాత భూముల జిర్కాన్‌లు కనిపించినవి. ఏరులు శ్రేణిని కోసికొని వెనుకనున్న భూములదాక చేయి చాచినవి. తుదకు సుమారు 8 కోట్ల యేండ్ల నాటికి లోతైన సముద్రము పూడి, నిస్సార జలములును, ఏటి మైదానములును ఏర్పడినవి. ఒక సముద్ర ద్రోణిని ఇట్లు పూడ్చుటకు చిన్న మెట్టలు చాలవు. గమనింపుడు: ఆ కాలమున భారతభూమి ఇంకను వేల కిలోమీటర్ల దూరమున నుండెను.

రెండవ సాక్షి లాసాకు ఉత్తరముగా నున్నది. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన హెన్రీ హేడెన్ 1903–04లో బ్రిటిషు సైనిక ప్రస్థానముతో లాసా చేరి, మధ్య టిబెట్టు శిలలను గూర్చి 1907లో గ్రంథము ప్రకటించెను. తుపాకుల వెనుక నడిచిన శాస్త్రము అది. అయినను ఆ నేలను గూర్చిన తొలి శాస్త్రీయ సమాచారములలో అది యొకటి. అటుపిమ్మట చిరకాలము అచ్చట పరిశోధన కుంటుపడినది. 1985లో లండను రాయల్ సొసైటీవారును, చైనా విజ్ఞాన అకాడమీవారును కలిసి లాసానుండి గోల్ముడ్ వరకు పీఠభూమిని అడ్డముగా దాటుచు శిలలను పరీక్షించిరి.

లాసాకు ఉత్తరమున వారు పరీక్షించిన శిలలలో రెండు తెగలు కలవు. క్రింది తెగ ఎఱ్ఱని ఇసుకరాళ్లు, సున్నపురాళ్లు. సున్నపురాతిలో సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలు కలవు. ఒకనాడు అచ్చట వెచ్చని నిస్సార సముద్రము ఉండెను. ఆ పొరలన్నియు తివాసి ముడుతలు పడినట్లు గట్టిగా మడతపడి యున్నవి. పై తెగ లావా పొరలు. ఇవి సుమారు 6 కోట్ల 90 లక్షల యేండ్ల క్రిందటినుండి వెలువడినవి. ఆశ్చర్యమేమన, ఈ లావా మడతపడలేదు. మడతపడి, అరిగి, చదునైన పాత రాళ్లపై ఇంచుమించు అడ్డముగా పరచుకొన్నది. ఒక ఇంటి గోడలు కూలి, వాటి శిథిలములపై క్రొత్త గచ్చు వేసినట్లు.

దీని తాత్పర్యము స్పష్టము. మడత లావాకు ముందు జరిగినది. లావా ఖండముల ఘర్షణకు ముందే మొదలైనది. కావున ఆ నేల నలిగి మడతపడుట భారతభూమి తాకుటకు ముందే జరిగినది. నేల నలిగిన మందమగును. మందమైన నేల, నీటిపై పెద్ద దుంగ ఎక్కువ తేలినట్లు, ఎత్తుగా నిలుచును. 1985 యాత్రకు మరుసటి సంవత్సరమే ఫిలిప్ ఇంగ్లండ్, మైకేల్ సర్ల్ అను పండితులు ఈ వాదమును ప్రకటించిరి. 1997లో పశ్చిమ టిబెట్టు కోచెన్ ప్రాంతమును పరిశీలించిన మరియొక బృందము, టిబెట్టు ఎత్తునకు ఘర్షణ యొక్కటే కారణమా అని తమ వ్యాసపు శీర్షికలోనే ప్రశ్నించిరి. 2019లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, లాసా భూభాగపు ఉత్తరమున సముద్రము సుమారు 9 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట తొలగినది. 9 కోట్ల 20 లక్షల నాటికి అచ్చట ఎఱ్ఱని గులకరాతి పొరలు పడినవి. ఆ గులకలో పాత సముద్రపు సున్నపురాళ్లే కలవు. సముద్రపు అడుగు కొండయై లేచి, అరిగి, తానే గులకగా మారుటకు నలుబది లక్షల యేండ్లు చాలినవి.

ఇంతవరకు ఆసియా పక్షపు సాక్షులను విన్నాము. ఎదుటి పక్షమును వినక తీర్పు చెప్పరాదు. టెథిస్ దక్షిణ తీరము, అనగా భారతభూమి ఉత్తరపు అంచు, నేడు హిమాలయముల వెనుక టిబెట్టు దక్షిణమున కలదు. అచ్చటి పాత ఇసుకరాళ్లు తెల్లని పలుగురాతి ఇసుకతో ఏర్పడినవి. వాటి జిర్కాన్‌లు చాలవరకు 50 కోట్ల యేండ్లు పైబడినవి. అవి భారతభూమి సొంత సొత్తు. ఎదుటి తీరమున అంత పెద్ద శ్రేణి అరుగుచున్నను, దాని ఇసుక ఒక్క రేణువైనను ఈ ఒడ్డునకు చేరలేదు. నడుమ లోతైన సముద్రము అడ్డుగా నుండుటయే కారణము. సుమారు 5 కోట్ల 90 లక్షల యేండ్ల నాటి పొరలలో మార్పు అకస్మాత్తుగా వచ్చినది. సాంగ్‌డాన్‌లిన్ అనుచోట, భారతీయమైన ఇసుకపై ఆసియా అగ్నిపర్వతముల లేత జిర్కాన్‌లు గల ఇసుక పడియున్నది. 2014, 2015 సంవత్సరములలో రెండు బృందములు ఈ సంగతిని వేరువేరుగా ప్రకటించినవి. రెండు తీరములు తాకిన ముహూర్తమునకు అది వ్రాతపూర్వకమైన సాక్ష్యము వంటిది. పూర్తి ఘర్షణ ఇంకను కొన్ని లక్షల లేక కోట్ల యేండ్ల తరువాత జరిగినదని వాదించువారును కలరు. ఆ వివాదము తీరలేదు. ఏ తేదీని అంగీకరించినను, గాంగ్‌డిసే శ్రేణి అంతకు ముందటిదే.

ఆనాడు మన తెలుగునేల ఎచ్చట నుండెను? గోదావరికి ఇరుదరుల కాతేరు, పంగిడి ప్రాంతములందు నల్లని లావా రాతి పొరలును, వాటి నడుమ నత్తగుల్లలు గల పొరలును కలవు. దక్కను అగ్నిప్రవాహముల కాలమున, సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల ప్రాంతమున, ఆ లావా అచ్చటికి చేరినది. అప్పుడు ఆ నేల భూమధ్యరేఖకు దక్షిణమున నుండి, ఏడాదికి జానెడుకు కొంచెము తక్కువగా ఉత్తరమునకు సాగుచుండెను. కాతేరులో ఆ గుల్లల జీవులు బ్రతికియున్న నాటికే, సముద్రమునకు ఆవలి ఒడ్డున లాసా కొండలు లేచి, మడతపడి, కొంత అరిగి, మరల లావాతో కప్పబడుచుండెను. హిమాలయములకు అప్పటికి ఉనికి లేదు.

ఆ కొండలు ఎంత ఎత్తు? ఇచ్చట జాగ్రత్తగా మాటాడవలెను. మేఘము కొండ నెక్కిన కొలది దాని నీటిలో బరువైన ఆక్సిజన్ పాలు తగ్గుచుండును. ఆ వాన నీటి గుర్తు నాటి నేలలలోను రాళ్లలోను నిలిచిపోవును. దీనిని కొలిచి, లాసాకు ఉత్తరమున లిన్‌ఝౌ ద్రోణి శిలలనుబట్టి గాంగ్‌డిసే శ్రేణి 5 కోట్ల యేండ్లకు ముందే సుమారు 4500 మీటర్లు ఉండెనని 2014లో ఒక బృందము అంచనా వేసినది. 2023లో వేరొక పద్ధతితో, 6 కోట్ల 10 లక్షల యేండ్లకు ముందే సుమారు మూడున్నర వేల మీటర్లు ఉండెనని మరియొక బృందము చెప్పినది. అంకెలు వేరైనను రెండును ఒక సంగతిని అంగీకరించుచున్నవి: భారతభూమి వచ్చి తాకినది చదునైన తీరము కాదు, నిలువెత్తు పర్వతశ్రేణి.

దీనివలన హిమాలయముల ఘనత తగ్గునా? తగ్గదు. హిమాలయములు ఘర్షణ బిడ్డలే. టిబెట్టు భూమి మరింత మందమై, ఇంత విశాలముగా, ఇంత ఎత్తుగా నిలిచినది ఘర్షణ తరువాతనే. మారినదెల్ల లెక్క. టిబెట్టు ఎత్తునంతటిని ఒక్క ఘర్షణ ఖాతాలో జమకట్టినచో, భారతభూమి ఎంత లోపలికి చొచ్చుకొనిపోయెను, ఎంత నేల నలిగెను అను లెక్కలన్నియు తప్పును. మన నైరుతి ఋతుపవనములకు ఈ ఎత్తైన భూమితో సంబంధము కలదు. ఏ కొండ ఏనాడు లేచెనో తెలియక, మన వానల పూర్వచరిత్రను సరిగా వ్రాయలేము. కావున ఇది టిబెట్టు రాళ్ల వివాదము మాత్రమే కాదు.

ఇందులో చరిత్ర చదువువారికి ఒక హెచ్చరికయు కలదు. పెద్ద సంఘటన ఒకటి జరిగిన తరువాత, అంతకు ముందున్న దానినంతటిని అది మింగివేయును. ఒక మహారాజు కట్టిన నగరమని చెప్పుకొనుచోట, ఆతనికి ముందే ఊరుండెననియు, చెరువుండెననియు మరచుచుందుము. పునాదులు తవ్వినపుడు గాని ఆ పూర్వులు బయటపడరు. ఖండముల ఘర్షణ అట్టి మహారాజు. దానికి ముందటి శ్రేణిని మనకు గుర్తుచేసినవి శిఖరములు కావు. పల్లములలో పడియున్న ఇసుకయు, బురదయు, గులకయు.

జాబు వ్రాసిన శ్రోతకు మా సమాధానము ఇది. ఢీకొనుటకు ముందు అచ్చట చదునైన తీరము లేదు. అగ్నిపర్వతములతో కూడిన ఎత్తైన శ్రేణి, దాని పాదముల చెంత పూడిపోయిన సముద్రము ఉండెను. ఇకపై బాలలకు చెప్పునపుడు, భారతభూమి ఆసియాను ఢీకొని హిమాలయములను లేపినదని చెప్పి ఆగక, అది తాకిన గడపయందు అప్పటికే ఒక పెద్ద కొండ నిలిచియుండెనని చేర్చుదుము. కైలాసమునకు ప్రదక్షిణము చేయు శ్రోతలెవరైన ఉన్నచో, పాదముల చెంత నునుపైన గులకరాయిని ఒకసారి చూడగోరుచున్నాము. ఆ కొండ ముక్క అది.